చిలగడదుంప గుజ్జు - ఎంజైముల పని

శివరాత్రినాడు మన యిండ్లలో ఉడికించు చిలగడదుంపను రాయలసీమవారు గెనుసుగడ్డ యందురు. తెలంగాణమున కొన్నిచోట్ల రత్నపురిగడ్డ యని వాడుక. పేరేదైనను, త్రవ్విన పిమ్మట మన యెండలలో అది ఎక్కువకాలము నిలువదు. దానిలో నూటికి డెబ్బది పాళ్లు నీరే. ఉడికించి, గుజ్జుచేసి, పొడిగా ఎండించినచో ఏడాది పొడుగునను వాడుకొనవచ్చును గదా యని తోచును. కాని ఇందులో ఒక చిక్కు కలదు.

పాలపొడి తయారుచేయు యంత్రములో పాలను వేడిగాలిలోనికి మంచుతుంపరవలె చిమ్ముదురు. నీరు క్షణములలో ఆవిరియై పొడి క్రిందికి రాలును. పాలను చిమ్మవచ్చును, దుంపగుజ్జును చిమ్ముటెట్లు? ఉడికిన పిండిపదార్థము నీటిని పీల్చి ఉబ్బి, గుజ్జును ముద్దగా బిగించును. నీరు పోసి పలుచన చేయవచ్చును. కాని పోసిన ప్రతి చెంబెడు నీటిని మరల ఆవిరి చేయవలసినదే. ఇంధనము దండుగ.

నీరు పోయకయే పలుచన చేయు సాధనము ఎంజైము. జీవకణములు తయారుచేసికొను ఈ మాంసకృత్తులు రసాయనిక చర్యలను త్వరితపరచును. తాము మాత్రము ఖర్చు కావు. 1833లో పాయెన్, పెర్సో అను ఫ్రెంచి రసాయనజ్ఞులు పిండిపదార్థమును చక్కెరగా మార్చు ఇట్టి పదార్థమును మొలకధాన్యమునుండి వేరుచేసిరి. ఈ తెగను నేడు ఎమిలేజు లందురు. వీనిలో ఆల్ఫా ఎమిలేజు పిండిపదార్థపు పొడవైన గొలుసులను నడుమ తెంచును. గొలుసులు తెగినకొలది గుజ్జు జారుడగును.

దుంపలో పుట్టుకతోనే బీటా ఎమిలేజు కలదు. అది గొలుసును కొననుండి కత్తిరించి మాల్టోసు అను చక్కెరను చేయును. మిక్కిలి వేడి తగిలిన నిర్వీర్యమగును. నిప్పులలో మెల్లగా కాల్చిన దుంప, గబగబ ఉడికించిన దుంపకంటె తియ్యగా నుండుట అందువలననే. మన పెద్దలకు ఎంజైము పేరు తెలియదు గాని రుచి తెలియును.

2006లో అమెరికాలోని ఉత్తర కరోలినా శాస్త్రజ్ఞులు ఆల్ఫా ఎమిలేజుతో దుంపగుజ్జును పలుచనచేసి, చిమ్ముయంత్రమున పొడిచేసిన ఫలితములను ప్రకటించిరి. ఎంజైమును ఎప్పుడు ఆపవలె నన్నదే ఇందలి నేర్పు. అది మితిమీరి పనిచేసినచో చక్కెరలు పెరిగి, పొడి యంత్రపు గోడల కంటుకొనును. నిలువలో తేమ పీల్చి గడ్డకట్టును. కనుక తగిన పలుచన రాగానే గట్టిగా కాచి ఎంజైమును అణచవలెను. అంటుకొనకుండుటకు మాల్టోడెక్స్‌ట్రిను కలుపుదురు. నారింజవన్నె దుంపలోని బీటా కెరోటిను శరీరమున ఎ విటమినుగా మారును. వేడిగాలి దానిలో కొంత హరించును. మిగిలినది గాలికి, వెలుతురుకు తరుగును. అందుచే ఈ పొడికి అందమైన గాజుసీసాకంటె మూత బిగిసిన డబ్బాయే మేలు.

ఇది కర్మాగారపు మాట. ఇంటిలోను ఈ సూత్రమునకు పని కలదు. పసిబిడ్డ పొట్ట చిన్నది. జావ చిక్కగా నున్న మింగలేదు; నీరు పోసి పలుచన చేసిన, పొట్ట నిండునుగాని బలము చాలదు. రాగులను మొలకెత్తించి, ఎండబెట్టి విసరిన పిండిని ఒక చెంచాడు తీసికొని, ఉడికి కొంత చల్లారిన చిక్కని జావలో కలిపినచో కొద్ది నిమిషములలో అది పలుచబడును. పిమ్మట మరల ఒక పొంగు రానిచ్చి త్రాగింపవలెను. మొలకలను మాడ వేయించినచో మాత్రము కమ్మని వాసన వచ్చునుగాని, ఎంజైము నశించి జావ చిక్కగానే యుండిపోవును.