గ్రాఫైట్ పొరలలో ఎలక్ట్రానులు: కె.ఎస్. కృష్ణన్ పరిశోధనలు

పెన్సిలు ములుకులోని నల్లని పదార్థం గ్రాఫైట్. వజ్రం వలెనే అదికూడ కర్బనమే. అయితే గ్రాఫైట్‌లో పరమాణువులు పలుచని పొరలుగా ఏర్పడి, పుస్తకంలోని పుటల వలె ఒకదానిపై ఒకటి అమరి ఉంటాయి. ఎలక్ట్రానుల క్వాంటం స్వభావం మూలంగా వింత గుణాలు చూపే ఇట్టి వాటిని శాస్త్రజ్ఞులు ఈనాడు క్వాంటం పదార్థాలని వ్యవహరిస్తున్నారు. ఆ పేరు వాడుకలోకి రావడానికి ఎంతో ముందే గ్రాఫైట్ పొరలలో ఎలక్ట్రానుల నడకను కొలిచి చూపిన మహనీయుడు కరియమాణిక్కం శ్రీనివాస కృష్ణన్.

ఆయన 1898 డిసెంబరు 4న తమిళదేశంలోని వత్రాప్‌లో జన్మించారు. మధురలోను, మద్రాసు క్రైస్తవ కళాశాలలోను చదివి, 1920లో ఉన్నతవిద్యకై కలకత్తా వెళ్లారు. 1923లో రామన్ గారి పరిశోధన బృందంలో చేరారు. 1928లో కాంతి పరిక్షేపణను గురించి 'నేచర్' పత్రికలో వెలువడిన ప్రసిద్ధ లేఖపై ఉన్నవి రామన్, కృష్ణన్‌ల ఇద్దరి పేర్లు. 1930లో నోబెల్ బహుమానం రామన్ గారికి మాత్రమే లభించింది. కృష్ణన్ ఆ వెలుగు చాటున ఉండిపోయారని వగచేవారున్నారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. అయితే ఆయన ప్రతిభను ఆ ఒక్క లేఖతోనే తూచడం అంతకు మించిన అన్యాయం. ఆయన తన సొంత బాటను అప్పటికే ఢాకాలో వేసుకున్నారు.

ఢాకా విశ్వవిద్యాలయంలో ఆయన రీడరుగా చేరేనాటికి భౌతికశాస్త్ర ఆచార్యులు సత్యేంద్రనాథ్ బోస్. అక్కడ బెంగాలీ సహచరులైన గుహ, బెనర్జీలతో కలిసి ఈ తమిళ యువకుడు స్ఫటికాల అయస్కాంత గుణాలను కొలవడం ప్రారంభించారు. 1933లో కలకత్తాకు ఆచార్యులుగా తిరిగివచ్చిన పిమ్మట ఆ పద్ధతి మరింత పదునెక్కింది.

పద్ధతి చూడబోతే ఎంతో సులువు. చిన్న స్ఫటికాన్ని సన్నని క్వార్ట్జ్ పోగుతో అయస్కాంత క్షేత్రంలో వేలాడదీస్తారు. అది తనకు అనుకూలమైన దిశకు తిరిగి నిలుస్తుంది. అప్పుడు పోగును పైనుండి మెల్లగా మెలిపెడతారు. స్ఫటికం తన నెలవును పట్టుకొని పెనుగులాడుతుంది. 45 డిగ్రీలు తొలగేసరికి ఇక ఆగలేక ఒక్కసారిగా గిర్రున తిరిగిపోతుంది. అందుకు ఎంత మెలి అవసరమయిందో చూస్తే, స్ఫటికం గుణం ఒక్కొక్క దిశలో ఎంత వేరుగా ఉన్నదో లెక్కతేలుతుంది. లక్షల ఖరీదుచేసే యంత్రాలతో దీనికి పనిలేదు. చేతి నేర్పు, ఓర్పు కావాలి.

గ్రాఫైట్‌ను అయస్కాంతం కొద్దిగా వికర్షిస్తుంది. ఈ గుణాన్ని డయా అయస్కాంతత్వం అంటారు. క్షేత్రం పొరల వెంబడి ఉన్నప్పటికంటె, పొరలకు లంబంగా ఉన్నప్పుడు ఈ గుణం సుమారు 40 రెట్లు అధికమని కృష్ణన్, గంగూలీల కొలతలలో తేలింది. ఎలక్ట్రానులు పొరలో స్వేచ్ఛగా తిరుగుతాయి. పొర నుండి పొరకు దాటడం మాత్రం వాటికి కష్టం. క్షేత్రం లంబంగా ఉన్నప్పుడు అవి పొరలోనే సుడి తిరుగుతాయి కనుకనే ఇంతటి తేడా. విద్యుద్వాహకత విషయంలోనూ ఇట్టి భేదమే ఉన్నదని 1939లో వారు ప్రకటించారు. 1940లో రాయల్ సొసైటీ కృష్ణన్‌ను సభ్యులుగా ఎన్నుకొన్నది.

1942లో ఆయన అలహాబాదు విశ్వవిద్యాలయంలో ఆచార్యులైనారు. 1947లో ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలకు తొలి డైరెక్టరుగా నియుక్తులైనారు. ఒక ప్రయోగశాలను నిలబెట్టడానికి దేశం ఒక గొప్ప ప్రయోగకారుణ్ణి వెచ్చించిందా అన్న సందేహం సహజమే. దస్త్రాలు ఆయన కాలాన్ని హరించిన మాట నిజం. అయినా శూన్యంలో విద్యుత్తుతో కాగే సన్నని తీగలలో ఉష్ణోగ్రత ఎట్లు పరచుకొంటుందన్న విషయంపై అక్కడకూడ పరిశోధనలు సాగించారు. 1961లో కన్నుమూశారు.

గ్రాఫైట్ డయా అయస్కాంతత్వానికి మెక్‌క్లూర్ 1956లో పూర్తి క్వాంటం వివరణ ఇచ్చారు. మాంచెస్టరులో గైమ్, నొవొసెలొవ్‌లు గ్రాఫైట్ నుండి ఒకే ఒక పొరను వేరుచేసి, దాని గుణాలను 2004లో ప్రకటించారు. దాని పేరు గ్రాఫీన్. ఆ ఒంటిపొరలోని డయా అయస్కాంతత్వాన్ని ఫ్రాన్సు పరిశోధకులు నేరుగా గుర్తించిన ఫలితాలు 2021లో వెలువడినాయి.