ఒక్క రోజు ప్రయాణం

(డిసెంబరు 17న పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించీ, వైద్య ఖర్చుల గురించీ మాట్లాడవలసినవారు మాట్లాడారు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ ఎవరో దయతలచి ఇచ్చేది కాదని తీర్పు చెప్పింది. అందుకే ఈ రోజు మనకు పండుగ. పండుగపూట కాస్త తేలికైన విషయం కూడా ఉండాలని, హైదరాబాదు నుంచి కుటుంబంతో ఉదయం వెళ్ళి రాత్రికి తిరిగి రాగల చోట్ల గురించి చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. రాసుకోవడానికి కూర్చున్నాక, ఇది అంత తేలికైన విషయం కాదని తెలిసింది.

నేను ముప్పైమూడేళ్ళు సర్వీసు చేశాను. ఆ ముప్పైమూడేళ్ళూ మా ఆవిడకు నేను చెప్పిన మాట ఒక్కటే: "రిటైరవనీ, అన్నీ చూపిస్తాను." మార్చి అంటే బడ్జెట్టు, జూన్ అంటే పిల్లల స్కూలు ఫీజులు, దసరా అంటే ఊళ్ళో అమ్మా నాన్నా. తీరా రిటైరయ్యేసరికి సెలవులు ఉన్నాయి, ఆవిడ మోకాళ్ళు లేవు. ఆవిడ ఇక్కడే మూడో వరుసలో కూర్చుని ఉంది కనుక నేను అబద్ధం చెప్పే వీలు లేదు.

కొన్నేళ్ళ క్రితం ఒక ఆదివారం మా అబ్బాయి కారులో అందరం వరంగల్ రోడ్డున బయలుదేరాం. యాదగిరిగుట్ట దర్శనం చేసుకుని, తిరుగు దారిలో భువనగిరి కోట దగ్గర ఆగాం. పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేరు మీద వచ్చిన ఊరు అది. కొండంతా ఒకే రాయి. ఐదువందల అడుగులకు పైగా ఎత్తు. మెట్లు చూడగానే మా ఆవిడ, "మీరు వెళ్ళి రండి, నేనిక్కడే కూర్చుంటాను" అంది. మేము వెళ్ళాం. పైన గాలి బాగుంది, ఫొటోలు తీసుకున్నాం. దిగేసరికి రెండు గంటలు దాటింది. ఆవిడ కింద చెట్టు నీడన, మా సంచులన్నీ పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. నీళ్ళ సీసా మూత కూడా తియ్యలేదు. తాగితే బాత్రూమ్ ఎక్కడుందో తెలియదు, సంచులు వదిలి వెళ్ళడానికి లేదు.

ఇంటికి వస్తుంటే కారులో మా మనవరాలు, "నానమ్మా, నువ్వేం చూశావు?" అని అడిగింది. "మీ సంచులు చూశానమ్మా" అంది ఆవిడ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ఆ తరువాత మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం. ఎక్కడికి వెళ్ళాలన్నది అందరికన్నా మెల్లగా నడిచే మనిషిని బట్టి నిర్ణయించాలి. కొండలెక్కే వయసున్న పిల్లలు మరోసారి స్నేహితులతో వెళతారు. ఈ నియమంతో చూస్తే మన నగరం చుట్టూ చోట్లకు కొదవ లేదు.

అదే వరంగల్ రోడ్డున మళ్ళీ వెళ్ళాం. ఈసారి ఊళ్ళు ఎంచింది మా ఆవిడ. ముందుగా ఆలేరు నుంచి లోపలికి తిరిగి కొలనుపాక. హైదరాబాదుకు దాదాపు 80 కిలోమీటర్లు. పేరుపొందిన జైన క్షేత్రం. అక్కడి మహావీరుని విగ్రహం జేడ్ రాతిది అంటారు. ఆ ఊళ్ళోనే సోమేశ్వరాలయం, దాని ఆవరణలో పాత శిల్పాలు ఉన్నాయి. కొండ ఎక్కే పని లేదు. తొందరపెట్టేవారూ లేరు.

తిరుగు దారిలో బీబీనగర్ దగ్గర తిరిగి పోచంపల్లి చేరాం. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఈ ఊరికి వచ్చినప్పుడు, భూమి లేని హరిజనులు ఎనభై ఎకరాలు కావాలని అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డిగారు నూరెకరాలు ఇస్తానని లేచారు. భూదానోద్యమం అక్కడ మొదలైంది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా ఎంచినదీ ఈ ఊరినే.

అక్కడ ఒక నేత ఇంటివారు మమ్మల్ని లోపలికి పిలిచారు. నేసిన తరువాత రంగు వేస్తారనుకుంటున్న మా మనవరాలికి, నూలుకే ముందు ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ తరువాత మగ్గం ఎక్కిస్తారని మా ఆవిడే వివరించింది. పోగు ఒక్కటి జరిగినా పువ్వు చెదురుతుంది. ఆ ఇంటి ఇల్లాలు, మా ఆవిడ, మనవరాలు మగ్గం పక్కన గంటసేపు కూర్చున్నారు. నేనూ మా అబ్బాయీ బయట అరుగు మీద సంచులు చూశాం!

మరొకటి మెదక్. నర్సాపూర్ అడవి మీదుగా వెళితే దారే ఒక వినోదం. సుమారు నూరు కిలోమీటర్లు. అక్కడి చర్చిని పోస్నెట్ దొరగారి ఆధ్వర్యంలో 1914 నుంచి 1924 వరకు పదేళ్ళు కట్టారు. కరువు రోజులలో పని కల్పించి జనానికి అన్నం పెట్టిన కట్టడం కనుక, ఏ మతంవారైనా చూడదగినది. రంగు గాజు కిటికీలలో క్రీస్తు కథ కనిపిస్తుంది. అయితే బయటి వెలుగు ఉంటేనే ఆ రంగులు తెలుస్తాయి. పొద్దు వాలక ముందే చేరండి.

అంత దూరం కూర్చోలేనివారు గండిపేటకు వెళ్ళండి. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచెత్తింది. అటువంటి వరద మళ్ళీ రాకుండా విశ్వేశ్వరయ్యగారి సలహాపై కట్టించిన చెరువు అది. 1920లో పూర్తయింది. సాయంత్రం గట్టు మీది గాలి పీల్చి, ఎనిమిదింటికల్లా ఇంట్లో అన్నం తినవచ్చు.

అనుభవం మీద నాలుగు మాటలు. కారులో ఒకవైపు రెండు గంటలకు మించిన దూరం పెట్టుకోవద్దు. ఆదివారం, పండుగ రోజు మానుకుని, పిల్లలకు వీలైతే మామూలు రోజున వెళ్ళండి. రోజుకు రెండు చోట్లు చాలు. బీపీ, షుగరు మాత్రలు సంచిలో అడుగున కాక చేతికందేలా పెట్టుకోండి. షుగరు ఉన్నవారు భోజనం వేళ దాటనివ్వకండి. పులిహోర, పెరుగన్నం మీ వెంట ఉంటే హోటలు కోసం వెతకక్కరలేదు. బాత్రూమ్ ఎక్కడుందో దిగగానే కనుక్కోండి. నీళ్ళు తాగకుండా బిగబట్టుకోవద్దు. ఒక మడత కుర్చీ డిక్కీలో ఉంచండి.

ఇక ఇక్కడున్న పిల్లలకు ఒక మనవి. మీ అమ్మా నాన్నా "మాకెందుకులే, మీరు వెళ్ళి రండి" అంటే వెంటనే నమ్మకండి. ఇంకొకసారి అడగండి.

తోటి పెన్షనర్లకూ ఒక మాట. వాళ్ళు రెండోసారి అడుగుతారని ఎదురు చూస్తూ కూర్చోకండి. పాపం, వాళ్ళు మన మాట నిజమే అనుకుంటారు. ఫలానా ఊరు చూడాలని ఉంది, పెట్రోలు ఖర్చు నాది అని చెప్పండి. పెన్షన్ మన హక్కు అని కోర్టుదాకా వెళ్ళి గెలుచుకున్నవాళ్ళం, సొంత పిల్లల దగ్గర ఈ చిన్న కోరిక చెప్పుకోవడానికి మొహమాటమెందుకు?

వచ్చే నెల మేము మళ్ళీ మెదక్ వెళుతున్నాం. మా ఆవిడ ఇప్పుడే తల ఊపింది కనుక ఖాయమనుకోవచ్చు.