కసిమి ఫార్ములా చెప్పేస్తే కళ పోతుందా?

ఈ ఎపిసోడ్‌లో ఒకటే ప్రశ్న. ఒక కళాకారుడు తన పని గుట్టు పక్క కళాకారుడికి చెప్పాలా, దాచుకోవాలా? ఉదాహరణకి మన శ్రీకాళహస్తి కలంకారీ తీసుకుందాం.

ముందు అసలు ప్రాసెస్ ఏంటో చూద్దాం. నూలు గుడ్డని కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరబెడతారు. పాలల్లో ఉండే కొవ్వు వల్ల రంగు పక్కకి పాకదు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం, నీళ్ళు కలిపి రోజుల తరబడి పులియబెడితే కసిమి తయారవుతుంది. వెదురు పుల్లకి గుడ్డ చుట్టి, దారంతో కడితే అదే కలం. కసిమిలో ముంచి గీత గీస్తే, కరక్కాయలోని వగరు ఇనుముతో కలిసి గీత నల్లబడుతుంది. ఇంజినీరింగ్ కెమిస్ట్రీ ల్యాబ్‌లో మనం టెస్ట్‌ట్యూబ్‌లో చూసింది, వీళ్ళు గుడ్డ మీద చేస్తున్నారు.

సరే, ఫార్ములా మొత్తం చెప్పేశాను. ఇప్పుడు మీరు కలంకారీ వేసేయగలరా? వేయలేరు. నేనూ వేయలేను! పాలు ఎంత చిక్కగా ఉండాలి, కసిమి ఎప్పుడు సిద్ధమైందని తెలుస్తుంది, కలాన్ని ఎంత నొక్కితే రంగు ఎంత దిగుతుంది... ఇవన్నీ చేతికి రావాలంటే ఏళ్ళు పడుతుంది. నీళ్ళలో ఇనుము ఎక్కువుంటే చాలు, గుడ్డంతా మసకబారుతుంది. అంటే ఒక ఊళ్ళో కుదిరిన కొలత ఇంకో ఊళ్ళో కుదరకపోవచ్చు. అందుకే కళాకారులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి.

హిస్టరీ కూడా ఇదే చెప్తుంది. ఒకప్పుడు ఈ పని తెలిసినవాళ్ళు బాగా తగ్గిపోయారు. కమలాదేవి ఛటోపాధ్యాయ్ గారి చొరవతో 1957లో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం మొదలైంది. కొన్ని ఇళ్ళలోనే ఉన్న పని క్లాస్‌రూమ్‌లోకి వచ్చింది. 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గురప్ప శెట్టి గారు కూడా ఎంతోమందికి ఈ కళ నేర్పించారు. ఆ రోజు ఆ పెద్దవాళ్ళు "ఇది మా ఇంటి విద్య, బయటికి చెప్పం" అని తలుపేసుకుని ఉంటే, ఈ ఎపిసోడ్‌కి బహుశా టాపిక్కే ఉండేది కాదు.

ఇక రెండో వైపు. కళాకారులకి భయం ఎందుకో కూడా అర్థం చేసుకోవాలి. కొత్త బొమ్మ ఫొటో పెడతారు. కొన్నాళ్ళకే అదే బొమ్మ స్క్రీన్ ప్రింట్ చీర మీద కనిపిస్తుంది, దాని పేరు కూడా కలంకారీయే! రోజుల తరబడి గీసిన చీర, గంటల్లో ప్రింటైన చీర ఒకే పేరుతో అమ్ముడైతే నష్టం ఎవరికి? శ్రీకాళహస్తి కలంకారీకి జీఐ ట్యాగ్ ఉంది. కానీ అది ఆ పేరుని కాపాడుతుంది, ఒక్కొక్కరు గీసిన బొమ్మని కాదు.

నేను సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చినవాణ్ణి కాబట్టి నాకు ఓపెన్ సోర్స్ గుర్తొస్తుంది. కోడ్ అందరికీ ఇస్తారు, కానీ లైసెన్స్ ఉంటుంది, రాసినవాళ్ళ పేరు ఉంటుంది. ఇక్కడా అంతే. టెక్నిక్ పంచుకోవాలి, బొమ్మ కింద మాత్రం గీసినవాళ్ళ పేరు ఉండాలి. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే గొడవంతా.

ఈ వీడియో చూస్తున్న కళాకారులకి ఒక చిన్న ఐడియా. ఒక నోట్‌బుక్ పెట్టండి. ప్రతి ప్రయోగానికీ చిన్న గుడ్డ ముక్క అతికించి తేదీ, పాళ్ళు, ఏ నీళ్ళు, ఎంత ఎండ, ఇవన్నీ రాయండి. చెడిపోయిన ముక్కలు కూడా పారేయకండి, పక్కవాళ్ళకి అవే ఎక్కువ పనికొస్తాయి. నెలకోసారి నలుగురు కూర్చుని ఆ నోట్‌బుక్‌లు మార్చుకుని చూడండి.

మరి మనం? కలంకారీ కొనేటప్పుడు ఒకే డిజైన్‌లో ఉన్న రెండు ఆకుల్ని దగ్గరగా చూడండి. గీతకి గీత అచ్చు గుద్దినట్టుంటే అది చేత్తో గీసింది కాదు. ఎవరి పనైనా రీల్ తీస్తే ముందు అడగండి, పోస్ట్‌లో వాళ్ళ పేరు రాయండి. మీకది ఒక్క లైన్, వాళ్ళకి తర్వాతి ఆర్డర్.

మీ ఊళ్ళో ఇలా పని నేర్పే కళాకారులు ఎవరైనా ఉంటే, వాళ్ళు ఏ పని చేస్తారో కామెంట్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి!