మన పిల్ల ఎంత దూరం పోతుంది?

మా హాస్టల్‌లో తొమ్మిదో తరగతి పిల్ల నాలుగు వందల మీటర్ల పరుగులో జిల్లా మెడల్ తెచ్చింది. "ఒలింపిక్స్‌కు పోతదా మేడం?" అని మీరంతా అడుగుతున్నారు. వాట్సాప్ గ్రూపులోనైతే అప్పుడే పంపించేశారు కూడా!

మేము తొందరపడి అవునని చెప్పలేం. మన పక్కనే, పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తిని చూడండి. 2024 మే నెలలో జపాన్‌లోని కోబేలో ఇదే పరుగును 55.07 సెకన్లలో ముగించి, మేధో వైకల్యం ఉన్నవారి విభాగంలో ప్రపంచ రికార్డు సాధించింది. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లు పట్టింది, కాంస్యం వచ్చింది. రికార్డు కొట్టిన మనిషికే అక్కడ ముక్కాలు సెకను అంత బరువు. మా పిల్లకు ఇప్పుడు 66 సెకన్లు పడుతోంది.

హకీంపేట స్పోర్ట్స్ స్కూల్‌లో నాలుగో తరగతికే చేర్చుకుంటారు. మన పిల్ల తొమ్మిదిలో గానీ మా కంట పడలేదు. అయినా ఆశ ఉంది. మా భయమల్లా పదో తరగతి తర్వాతే. ఇంతకు ముందు ఇంకో పిల్ల, దీనికంటే చురుకు, పరీక్షలు కాగానే పెళ్లి చేశారు. ఆమె స్పైక్స్ బూట్లు మా స్టోర్ రూంలోనే ఉన్నాయి.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి తండాల్లో, గూడేల్లో బాగా ఉరికే మూడో తరగతి పిల్లల పేర్లు మాకు రాసి పంపండి. వచ్చే ఆదివారం ఈ పిల్ల అమ్మానాన్నలతో మాట్లాడటానికి పోతున్నాం. మీలో ఇద్దరు మాతో రండి.