సంతకం పెట్టే ముందు అడగవలసిన మాట
(విశ్రాంత ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యంపై నాలుగు మాటలు చెప్పమన్నారు. బి.పి., షుగరు గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు. నేను గర్భసంచి గురించి మనవి చేస్తాను. గుమాస్తాగిరి చేసిన మగవాడికి ఇదెందుకని నవ్వకండి. ఆసుపత్రిలో భార్యకో, కోడలికో, కూతురికో హామీ కాగితం మీద సంతకం పెట్టేది చాలావరకు మనమే. చదవకుండా సంతకం పెట్టకూడదని సర్వీసంతా నేర్చుకున్నవాళ్లం.

మనవాళ్లు "గర్భసంచి కడగటం" అనే డి అండ్ సి, కాపర్-టి వేయటం, గర్భస్రావం తర్వాత లోపల మిగిలినది తీయటం, ఇవన్నీ కోత లేని చిన్న పనులు. అయితే లోపలికి వెళ్లిన పనిముట్టు మొన కంటికి కనపడదు. అరుదుగా అది గర్భసంచి గోడకు చిల్లు పెడుతుంది. కాపర్-టి విషయంలో సుమారు వెయ్యిమందిలో ఒకరికి ఇలా జరుగుతుంది. పాలిచ్చే తల్లులకు, సిజేరియన్ అయినవారికి, గర్భసంచి వెనక్కి వంగి ఉన్నవారికి, ముట్లు ఆగిపోయిన పెద్దవాళ్లకు మరింత జాగ్రత్త కావాలి.

పూర్వం చాటుమాటుగా మంత్రసాని చేత పుల్ల పెట్టించుకుని, చిల్లుపడి, చీముపట్టి చనిపోయిన ఆడవాళ్లున్నారు. 1971లో చేసిన గర్భవిచ్ఛిత్తి చట్టం 1972 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చి, ఆ పనిని అర్హత గల డాక్టర్లకు అప్పగించింది. దానితో ప్రమాదం బాగా తగ్గింది గాని, పూర్తిగా పోలేదు.

డాక్టర్లు దీన్ని సరిచూసే పద్ధతి ఉంది. ముందు చేత్తో పరీక్షించి సంచి ఎటు వంగి ఉందో చూస్తారు. గీతలున్న సన్నని కడ్డీతో లోతు కొలుస్తారు. గర్భం లేనప్పుడు అది మామూలుగా 6 నుంచి 8 సెంటీమీటర్లు. పనిముట్టు ఆ కొలత దాటి, అడ్డు తగలకుండా పోతే చిల్లు పడిందని అనుమానించి అక్కడికక్కడే పని ఆపాలి. నాడి, బి.పి., రక్తస్రావం గమనించాలి. సన్నని కడ్డీతో పడిన చిన్న చిల్లు చాలావరకు దానంతటదే మానుతుంది. పేగుకు దెబ్బ తగిలిందని అనుమానముంటే లాపరోస్కోపీతోనో, కడుపు తెరిచో చూడవలసిందే. గుర్తించకుండా ఇంటికి పంపిన కేసులే ప్రాణం మీదికి తెస్తాయి.

కాబట్టి డిశ్చార్జికి ముందు మూడు మాటలు అడగండి. పని సాఫీగా జరిగిందా? చిల్లు పడిందన్న అనుమానమేమైనా వచ్చిందా? రాత్రివేళ ఇబ్బంది వస్తే ఎవరిని పిలవాలి? జవాబులు డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి. ఇది డాక్టరును శంకించటం కాదు. ఆఫీసులో ఒకరు రాసిన బిల్లును మరొకరు సరిచూసేవారు; అంతమాత్రాన రాసినవారు దొంగలని కాదుగదా!

ఇంటికొచ్చాక కడుపునొప్పి పెరుగుతున్నా, పొట్ట ఉబ్బినా, వాంతులు, జ్వరం, అధిక రక్తస్రావం, కళ్లు తిరగటం ఉన్నా తెల్లవారనిద్దామనుకోవద్దు. మాచర్ల నుంచి గుంటూరు పెద్దాసుపత్రి వంద కిలోమీటర్ల పైమాటే. 108కి ఫోన్ చేసి బయలుదేరండి. కాపర్-టి దారం చేతికి తగలకపోతే జారిపోయిందని సరిపెట్టుకోక స్కానింగ్ చేయించండి. అందులో కనపడకపోతే ఎక్స్-రే తీయించాలి.

సోదరీమణులకు ఒక విన్నపం. ముట్లు ఆగిన తర్వాత మళ్లీ రక్తం కనపడితే సిగ్గుపడి దాచకండి. అది క్యాన్సరు కావచ్చు, కాకపోవచ్చు. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. చిల్లు పడుతుందేమోనన్న భయంతో ఆ పరీక్ష మానుకోవద్దు. ఎందుకొచ్చిన గొడవ, సంచి తీసేయించుకుందామనీ తొందరపడవద్దు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల స్త్రీలలో నూటికి సుమారు తొమ్మిదిమందికి గర్భసంచి తీసేశారు. అది పెద్ద ఆపరేషను. అందులోనూ మూత్రాశయానికి, పేగుకు దెబ్బ తగిలే అవకాశం ఉంది. రెండో డాక్టరు అభిప్రాయం కూడా తీసుకోండి.

 ఇంటికెళ్లి ఈ మాటలు ఆడవాళ్లకు కూడా చెప్పమని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.