తాళం అడగొద్దు, పద్దు అడుగుదాం

(కరణ్‌కోటలో చేసిన ప్రసంగ పాఠం)



పనికాడ కంప్యూటర్ గురించి అడగాలంటే భయమైతుంది, ఎట్ల అడగాలో చెప్పమని మమ్మల్ని పిలిచారు. మేం ఇంజనీర్లం కాదు. కంప్యూటర్ ముందు కూలి చేసినవాళ్లం, దాని గురించి అడిగి చివాట్లు తిన్నవాళ్లం. ఆ అర్హతతోనే మాట్లాడుతున్నాం.

కరణ్‌కోట అంటే సిమెంటు. 1980లలో కేంద్ర ప్రభుత్వపు సీసీఐ ఫ్యాక్టరీ వచ్చింది. చుట్టూ నాపరాయి గనులు, తాండూరు దిక్కు పోతే పాలిష్ యూనిట్లు. మన వాడల్లో ఏదో ఒక గేటు ముందు నిలబడని ఇల్లు తక్కువ. వెనకట హాజరు పుస్తకంలో ఉండేది. రాసేటోడు ఎదురుగా కూర్చునేవాడు. చదువు రాని అవ్వ కూడా తన పేరు కాడ గీత పడ్డదా, సున్నా పడ్డదా అని తొంగి చూసేది. ఇప్పుడు హాజరు తంబు మిషన్లోకి పోయింది, లారీ బరువు తెర మీదికి పోయింది, పీఎఫ్ ఫోన్లోకి పోయింది. రాసేటోడు కనబడడు. తొంగి చూసే సందు లేదు. అడుగుదామంటే, ‘నీకెందుకు?’ అంటరు.

ఈ ‘నీకెందుకు’ కొత్తదా? పట్వారీ పహాణీ చూపమంటే మన తాతలు విన్నది ఇదే మాట. 1917లో విదేశీ చదువు చదివొచ్చి బరోడా సంస్థానం కొలువులో చేరిన బాబాసాహెబ్‌కు బంట్రోతులు ఫైళ్లు చేతికివ్వకుండా దూరం నుంచి బల్ల మీదికి విసిరేశారు. కాగితం తాకనిస్తే మైల అన్నరు అప్పుడు. ఇప్పుడు ‘సెక్యూరిటీ’ అంటున్నరు. అయితే ఇక్కడ మనం ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. సెక్యూరిటీ అనే మాట పూర్తిగా అబద్ధం కూడా కాదు. అందుకే ఈ ముచ్చట తిట్టుతో తేలేది కాదు.

మా వాళ్లలో ఒక పిల్లగాని సంగతి చెప్తాం. ఇది ఈ ఊరి ముచ్చట కాదు, వేరే పట్నంలోది. ఆఫీసు పేరు, పిల్లగాని పేరు అవసరం లేదు. ఇంటర్ అయింది, కంప్యూటర్ కోర్సు చేసిండు, కాంట్రాక్టరు కింద డేటా ఎంట్రీ పనికి చేరిండు. గేటు పాసులు ఎక్కించుడు పని. తను పొద్దున ఎక్కించిన టైములు కొన్ని సాయంత్రానికి మారి కనబడుతున్నయి. తప్పు తన మీదికి వస్తదని భయం పట్టుకుంది. భయపడాల్సిందే కదా! పోయి కంప్యూటర్ సారును అడిగిండు. ఏమని? సర్వరు ఎక్కడుంది, అడ్మిన్ పాస్‌వర్డు ఎవరి దగ్గరుంటది, రాత్రిపూట లోపలికి ఎవరెవరు పోవచ్చు, ఏ యాంటీవైరస్ వాడుతున్నరు. ఆ మర్నాడు గేటు కాడ పాసు గుంజుకున్నరు. ‘ఎవరు అడగమన్నరు నిన్ను?’ అన్నరు. ఆ తర్వాత, ‘ఏ వాడ మీది?’ అన్నరు.

రెండో ప్రశ్నకు, సెక్యూరిటీకి సంబంధం ఏమిటో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. అదే గదిలో పై కులపు ఆపరేటరు ఒకాయన ఇట్లాంటి ప్రశ్నలే నెల కింద అడిగితే ‘పిల్లోడు చురుకు’ అన్నరు. ఇది మేం కల్పించి చెప్పడం లేదు, చెవులారా విన్నది.

కానీ మన పిల్లగాని తప్పు కూడా ఉంది. అది దాస్తే మీకు పనికొచ్చేది చెప్పలేం. ఎవరు మారుస్తున్నరో చూద్దామని పక్క సీటాయన పాస్‌వర్డు కొట్టి ఒకసారి లోపల చూసిండు. అక్కడ కేసు వాళ్ల చేతికి పోయింది. అసలు ప్రశ్న, అంటే టైములు ఎందుకు మారినయి అన్నది, ఎవరికీ గుర్తు లేకుండా పోయింది. పోలీసుల దాకా పోలేదు గానీ ఆ సీటు మళ్లీ దొరకలేదు. లోడింగు మీదికి పంపిన్రు.

ఆ ప్రశ్నలకు అంత ఉలిక్కిపడటం దేనికి? దొంగ కూడా మొదట అడిగేది అవే కాబట్టి. అమెరికాలో కెవిన్ మిట్నిక్ అని పేరుమోసిన హ్యాకరు ఉండేవాడు, 1995లో పట్టుబడ్డాడు, 2023లో చనిపోయాడు. జైలు నుంచి వచ్చాక 2002లో ఒక పుస్తకంలో చెప్పిన సారాంశం ఏమిటంటే, మిషన్ల తాళాలు పగలగొట్టడం కంటే మనుషులను మాటల్లో పెట్టి అడగడమే తేలిక అని. ఉద్యోగిలాగ ఫోన్ చేసి ఒకరిని ఒక ముక్క, ఇంకొకరిని ఇంకో ముక్క అడుగుతాడు. ఒక్కో ముక్క అమాయకంగానే ఉంటుంది. అన్నీ కలిపితే తాళంచెవి. మన దేశంలోనే 2019 అక్టోబరులో కూడంకుళం అణువిద్యుత్ కేంద్రంలో పరిపాలన పనులకు వాడే కంప్యూటరుకు వైరస్ పట్టిందని ఆ సంస్థే ఒప్పుకుంది. కొలిమిని తెర మీద చూసి నడిపే కంట్రోల్ రూములు సిమెంటు ఫ్యాక్టరీల్లోనూ ఉంటాయి. అక్కడ తప్పు జరిగితే మొదట కాలేది మన ఒళ్లే. కాబట్టి తాళం గురించి వాళ్లు జాగ్రత్త పడటాన్ని మేం తప్పు పట్టం.

కానీ తాళం వేరు, పద్దు వేరు. పెట్టెకు ఏ కంపెనీ తాళం, చెవి ఎక్కడ పెడతారు అన్నది తాళం ప్రశ్న. పెట్టెలో నా పేరు మీద ఏం రాశారు, అది ఎవరు మార్చగలరు, మారిస్తే జాడ ఉంటుందా అన్నది పద్దు ప్రశ్న. మన పిల్లగానికి కావాల్సింది పద్దు, అడిగింది తాళం. అతను ఇట్ల అడిగుంటే? ‘సార్, నేను పొద్దున ఎక్కించిన ఈ మూడు పాసుల టైము సాయంత్రం వేరేగా ఉంది. నా మీద తప్పు పడకుండా, మార్పు ఎవరి పేరుతో ఎప్పుడు జరిగిందో చూసి చెప్పండి.’ ఇందులో పాస్‌వర్డు లేదు, సర్వరు లేదు. పాసు నంబర్లున్నయి, తేదీ ఉంది, కారణం ఉంది. ఇది విని దొంగ అనాలంటే వాళ్లకే సిగ్గు కావాలి.

చాటుగా అడగొద్దు. చాయ్ తాగేకాడ చెవిలో అడిగిన మాట రేపు ఏ రూపంలో తిరిగొస్తదో తెలియదు. మీ పై సూపర్‌వైజరు ద్వారానే, చీటీ మీద రాసి, నకలు ఉంచుకొని అడగండి. ఇద్దరు ముగ్గురికి అదే ఇబ్బంది ఉంటే ముగ్గురూ సంతకం పెట్టండి. తెర ఫోటో తీయొద్దు, పెన్ డ్రైవ్ పెట్టొద్దు, ‘జర చూసిస్త’ అని ఇంకొకరి సీట్లో కూర్చోవద్దు. ఇంకొకరి పాస్‌వర్డు మోసపు బుద్ధితో వాడినట్టు రుజువైతే 2000 నాటి ఐటీ చట్టంలో 66సి సెక్షను కింద మూడేళ్ల దాకా జైలు ఉంది. మన బుద్ధి ఏమిటో నిరూపించుకునేసరికి మన ఇంట్ల పొయ్యి ఆరిపోతది.

తంబు మిషన్ సంగతి. నాపరాయి కోసి, పాలిష్ పట్టి, సిమెంటు సంచి మోసిన చేతుల మీద గీతలు అరిగిపోతాయి. మిషన్ వేలి బొమ్మను చూడదు, గీతల లెక్కను చూస్తుంది. గీతలు అరిగితే లెక్క కుదరదు, మనిషి ఎదురుగా ఉన్నా లేనట్టే. పొద్దున పడి సాయంత్రం పడకపోతే చాలాచోట్ల ఆ రోజు మొత్తం గైరుహాజరే. ఇంకోచోట ఊడ్చే పని చేసే ఒక అక్కకు నెలలో నాలుగు రోజులు ఇట్లనే పోయినయి. ఆమె మిషన్ గురించి ఒక్క మాట అడగలేదు. ‘నా వేలు పడని రోజు నేను వచ్చినట్టు ఎక్కడ రాస్తరు సారు? ఆ కాగితం మీద నేనూ సంతకం పెడ్త’ అన్నది. ఆఫీసులో జవాబు లేదు, ఎందుకంటే అట్లాంటి కాగితమే లేదు. వారానికి ఒక పుస్తకం పెట్టిన్రు. నాలుగు రోజుల్లో మూడు రోజుల పైసలొచ్చినయి. నాలుగో రోజు గురించి ఆమె ఇంకా అడుగుతనే ఉంది.

ధర్మకాంటా కాడ కూడా అంతే. టన్ను లెక్కన కూలి తీసుకునే వాళ్లు తెర లోపల ఏముందని అడగనక్కర్లేదు. ఖాళీ బండి బరువు, నిండు బండి బరువు, రెండూ ఉన్న చీటీ నకలు అడగండి. తూనికలు కొలతల శాఖ కాంటాను ఏటా తనిఖీ చేసి ముద్ర వేయాలి, ఆ సర్టిఫికెట్టు అందరికీ కనబడేటట్టు పెట్టాలి. దాని మీద తేదీ చదవడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

‘పాత లెక్కల జాడ మా దగ్గర ఉండదు’ అని కొందరు కొట్టిపారేస్తారు. కంపెనీలు, ప్రభుత్వ ఆఫీసులు తమ కంప్యూటర్ల లాగులు, అంటే ఎవరు ఎప్పుడు ఏం చేశారన్న జాడలు, 180 రోజులు దాచాలని కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. కాబట్టి ఏడాది ఊరుకొని అడగకండి. ఆరు నెలల లోపే, తేదీ వేసి, ‘ఈ జాడ చెరపకుండా ఉంచండి’ అని రాయండి. చూపమనడం కంటే ముందు ఉంచమనడం ముఖ్యం.

అడిగినవాళ్లను దొంగలను చేసిన కథ మన దగ్గరే ఉందనుకోకండి. బ్రిటన్‌లో 1999 నుంచి పోస్టాఫీసు శాఖల్లో హొరైజన్ అనే కంప్యూటర్ లెక్కల వ్యవస్థ పెట్టారు. ఫుజిట్సు కంపెనీ తయారుచేసింది. అది లేని లోటు చూపించింది. లెక్క ఎక్కడ తప్పిందో చూసుకోనివ్వమని అలన్ బేట్స్ అనే శాఖ నిర్వాహకుడు అడిగితే 2003లో కాంట్రాక్టు పీకేశారు. మిషన్ తప్పు చేయదు, దూరం నుంచి మీ లెక్కను ఎవరూ మార్చలేరు అన్నారు. తొమ్మిది వందల మందికి పైగా శిక్షలు పడ్డాయి. 2010లో సీమా మిశ్రా అనే భారతీయ సంతతి స్త్రీని గర్భంతో ఉండగా జైలుకు పంపారు. చివరకు 555 మంది కలిసి హైకోర్టుకు పోతే, ఆ వ్యవస్థలో దోషాలున్నాయని, దూరం నుంచి లెక్క మార్చే వీలుండేదని 2019 డిసెంబరులో తేలింది. 2024లో పార్లమెంటు చట్టం చేసి శిక్షలు కొట్టేసింది. వాళ్లు మొదటి రోజు అడిగింది పద్దు ప్రశ్నే చూడండి. మంచిగా అడిగినా దెబ్బ తగలొచ్చు, అది మేం దాచం. కానీ వాళ్లు రాసి పెట్టుకున్న కాగితాలే ఇరవై ఏండ్ల తర్వాత వాళ్ల పక్షాన నిలబడ్డాయి.

మన దగ్గర మంచి కథ కూడా ఉంది. 2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ మొదటి విడత వచ్చినప్పుడు అప్పటి మన రంగారెడ్డి జిల్లా అందులో ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ లెక్కలన్నీ కంప్యూటర్లోనే. అదే ఏడాది సామాజిక తనిఖీ మొదలైంది. కూలోళ్ల ఇండ్ల పిల్లలే కంప్యూటర్లోంచి తీసిన మస్టర్ల అచ్చు కాగితాలు పట్టుకొని ఇంటింటికీ పోయి, ‘నువ్వు ఇన్ని రోజులు చేసినవట, ఇంత తీసుకున్నవట, నిజమేనా?’ అని అడిగిన్రు. సభలో గట్టిగా చదివిన్రు. ఎవరి పాస్‌వర్డు అడిగిన్రు? ఎవరిదీ కాదు. కంప్యూటర్‌ను తెరవకుండానే దాని నోరు తెరిపించిన్రు.

ప్రభుత్వ సంస్థ అయితే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. ఎందుకు అడుగుతున్నవో చెప్పనక్కర్లేదని ఆ చట్టమే చెప్తుంది, 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్రైవేటులో ఆ సౌకర్యం లేదు. అక్కడ జీతం చీటీ, పీఎఫ్ పాసుబుక్కు మనవి, అవి అడగడం హక్కు. పీఎఫ్ నంబరుకు మీ ఫోను కలపకపోతే మొదట అది కలపండి. ఆ ఫోను కాంట్రాక్టరు చేతిలో మాత్రం పెట్టొద్దు. ఓటీపీ కూడా తాళంచెవే. వాళ్ల తాళం మనం అడగనప్పుడు మన తాళం వాళ్లకెందుకు?

అర్జీ నమూనాలు రెండు తెచ్చినం, ఒకటి హాజరుకు, ఒకటి కాంటా చీటీకి. అంబేద్కర్ విగ్రహం కాడ చెల్లెండ్లు కూర్చున్నరు. రాయరాని వాళ్లు నోటితో చెప్పండి, వాళ్లు రాస్తరు. పోయిన నెల జీతం చీటీ ఎవరి దగ్గరన్నా ఉంటే ఇంటికి పోయి పట్టుకరాండ్రి, చీకటి పడేదాకా ఇక్కడనే ఉంటం.