నక్షత్రములనుండి అతిథులు రాగలరా?



రాత్రివేళ అరుగుమీద కూర్చుండి ఆకాశమువంక చూచునప్పుడు, ఆ చుక్కలయందు మనవంటి ప్రాణులున్నారా, ఉన్నచో వారు మనయొద్దకు రాగలరా, మనము వారియొద్దకు పోగలమా యను ప్రశ్న పుట్టుట సహజము. ఇటీవల ఆకాశమున దీపములు బారులుతీరి పోవుట చూచి, అన్యలోకవాసుల విమానములు వచ్చినవని కొన్ని తావుల వదంతులు పుట్టుచున్నవి. అట్టి మాట ఊరిలో పొక్కినప్పుడు పిన్నలు పెద్దలనే అడుగుదురు. వారికేమి చెప్పవలెనో నేడు కొంత విచారింతము.

మొదట దూరము సంగతి. వైశాఖ జ్యేష్ఠ మాసములలో రాత్రి పది గంటల ప్రాంతమున దక్షిణపు దిక్కున, నేలకు కొంచెము మీదుగా, రెండు పెద్ద చుక్కలు ప్రక్కప్రక్కన మెరయుచుండును. దక్షిణముఖముగా నిలిచి చూచువారికి ఎడమవైపున నుండునది ఆల్ఫా సెంటారీ. సూర్యుని విడిచినచో మనకన్నిటికంటె దగ్గరగా నున్న చుక్క దాని పరివారములోనిదే. దాని పేరు ప్రాక్సిమా. అది కంటికి కానరాదు, దూరదర్శినితో చూడవలసినదే. వెలుగు ఒక సెకనులో సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును. సూర్యుని వెలుగు మనకు చేరుటకు 8 నిమిషములకు పైగా పట్టును. ప్రాక్సిమా వెలుగు చేరుటకో, 4 సంవత్సరముల 3 నెలలు పట్టును. లెక్క కట్టినచో అది 40 లక్షల కోట్ల కిలోమీటర్లు. ఇది మన పొరుగిల్లు. తక్కిన చుక్కలన్నియు దీనికి ఆవలివే.

ఈ దారిని మనుష్యుడు చేసిన వస్తువు ఎంతవరకు పోయినది? 1977 సెప్టెంబరు 5వ తేదీన అమెరికావారు వాయేజర్-1 అను నౌకను పంపిరి. అది గురుగ్రహమును, శనిగ్రహమును దర్శించి, 2012లో సూర్యుని గాలి వీచు మేరను దాటి, నక్షత్రముల నడిమి ప్రదేశమున ప్రవేశించినది. దాని వేగము సెకనునకు 17 కిలోమీటర్లు. అందొక బంగారుపూత రేకు కలదు. దానిలో 55 భాషలలో భూలోకవాసుల పలుకరింపులు నిక్షేపింపబడినవి. వానిలో మన తెలుగు పలుకును ఉన్నది. కాని యిన్నేండ్లు ఎడతెగక పరుగెత్తినను, ఆ నౌక పోయిన దూరము వెలుగునకు సుమారు ఒక్క దినపు నడక! ఆ వేగముతో ప్రాక్సిమాకు పోవలెనన్నచో 70 వేల సంవత్సరములకు పైగా పట్టును.

వేగము పెంచరాదా యని మీరడుగవచ్చును. ఇచ్చట మన బండిప్రయాణమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. దారిలో గడ్డిపరకయైనను దొరకదనుకొనుడు. అప్పుడు ఎడ్లమేత బండిలోనే వేసికొనవలెను. మేత పెరిగినకొలది బరువు పెరుగును. ఆ బరువు లాగుటకు మరి రెండెడ్లు కావలెను. వానికి మరల మేత కావలెను. తుదకు బండినిండ మేతయే గాని మనుష్యునికి చోటుండదు. రాకెట్టు సంగతియు నిట్టిదే. కాంతివేగములో పదవవంతు వేగము నందుటకు, ఒక్క కిలోగ్రాము బరువునకే 12 కోట్ల యూనిట్లకు మించిన విద్యుత్తుతో సమానమగు శక్తి కావలెను. గమ్యము చేరిన పిమ్మట ఆగుటకు మరల నంత శక్తి వెచ్చింపవలెను. ఆ వేగమున నెదురగు ధూళికణమైనను తుపాకిగుండుకంటె ప్రమాదకరము.

కాంతివేగమును మించి ఏ వస్తువును పోజాలదని ఐన్‌స్టైను పండితుడు 1905లో స్థాపించిన సిద్ధాంతమువలన తేలుచున్నది. అయితే అంత వేగముగా పోవువానికి కాలము మెల్లగా నడచునట! రైవతరాజు తన కుమార్తె రేవతికి తగిన వరునిగూర్చి యడుగుటకు బ్రహ్మలోకమునకేగి, కొంచెముసేపు గానము విని మరలునప్పటికి భూమిపై యుగములు గడచిపోయెనని పురాణమున మీరు వినియున్నారు. ఆ కథ శాస్త్రమునకు సాక్ష్యము కాదు; కాని విషయము తెలియుటకు చక్కని ఉపమానము. 1971లో అతిసూక్ష్మమైన గడియారములను విమానములలో భూమిచుట్టు త్రిప్పి, కాలభేదము నిజమేయని కొలిచి చూచిరి. కావున నక్షత్రయానమును ప్రకృతి నిషేధింపలేదు. దాని మూల్యము మాత్రము మనకు నేడు అందనిది. పోయినవాడు తిరిగివచ్చినను, తనవారిని చూడజాలకపోవచ్చును.

ఇక అతిథుల మాట. 1995 మొదలు ఇతర సూర్యులచుట్టు తిరుగు గ్రహములు 6 వేలకు పైగా కనుగొనబడినవి. మన పాలపుంత వయస్సు వేయి కోట్ల సంవత్సరములకు పైబడినది. మనకంటె పూర్వమే బుద్ధిమంతులగు ప్రాణులు పుట్టియుండిన, మెల్లమెల్లగానైనను వ్యాపించుటకు వారికి కావలసినంత కాలమున్నది. మరి వారెక్కడ అని ఫెర్మీ యను శాస్త్రవేత్త 1950లో ప్రశ్నించెను. ఆ ప్రశ్నకు నేటికిని సమాధానము లేదు.

వచ్చిరని చెప్పువారు లేకపోలేదు. 1947లో అమెరికాలో ఒక వైమానికుడు ఆకాశమున తొమ్మిది వింత వస్తువులను చూచితినని చెప్పగా, పత్రికలు వానికి ఎగిరే పళ్లెములని పేరుపెట్టెను. అటుపిమ్మట ఆ దేశపు వైమానికదళమువారు 1969 వరకు 12,618 వార్తలను పరీక్షించిరి. అందు పెక్కు శుక్రగ్రహము, బెలూనులు, విమానములు మొదలగువానిని చూచి భ్రమించినవే. 701 మాత్రము ఏమియో తేలలేదు. తేలలేదనుటకును, అన్యలోకపు విమానమనుటకును చాల భేదము కలదు. 2023లో నాసావారు నియమించిన పండితసంఘమును అన్యలోకవాసుల జాడ కనబడలేదనియే చెప్పినది. మన యూళ్లలో బారుగా కనబడు దీపములు 2019 మొదలు గుంపులుగా పంపబడుచున్న స్టార్‌లింక్ ఉపగ్రహములు కావచ్చును.

నిజముగా వచ్చిన బాటసారులును కలరు. 2017లో ఒకటి, 2019లో ఒకటి, 2025లో ఒకటి, వేరు నక్షత్రమండలములనుండి వచ్చి, మన సూర్యుని ప్రక్కగా సాగిపోవు దారి పట్టినట్లు దూరదర్శినులు కనిపెట్టినవి. చివరి రెండును తోకచుక్కలు. మొదటిదియు ప్రకృతిసిద్ధమైన వస్తువే యని శాస్త్రజ్ఞులలో పెక్కుమంది తలంపు. వానిలో సారథి యున్నట్లు సాక్ష్యము లేదు.

పొగను చూచి నిప్పున్నదని ఊహించుట తర్కము. పొగమంచును పొగయనుకొని నిప్పున్నదని కేకలు వేయుట భ్రాంతి. మన పిల్లలు ఆకాశమున వింతను చూచి పరుగున వచ్చినప్పుడు, వారిని గద్దింపకుడు, వెంటనే నమ్మకుడు. ఏ దిక్కున, ఏ వేళ, ఎంతసేపు కనబడినదని యడిగి వ్రాయించుడు. ఎన్నడైన నిజమైన అతిథి వచ్చినచో, అతనిని గుర్తింపగలవారు అట్లు అడుగ నేర్చినవారే. అంతవరకు మన తెలుగు పలుకును మోసికొని ఆ చిన్న నౌక చీకటిలో పోవుచునే యుండును.